పతకం అంచు మీద పేరు: పాత వార్ సినిమాలు, అటక మీది డబ్బాలు

ఈ ఎపిసోడ్ మీరు కామెంట్లలో అడిగిన టాపిక్ కాదు. నేనే చాలా రోజుల నుంచి చెప్పాలనుకుంటున్నది. వీడియో చూడకుండా ఈ టెక్స్ట్ చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా: నా కుర్చీ వెనక ఒక చెక్క షెల్ఫ్ ఉంటది. దాంట్లో ఒక ఇనుప హెల్మెట్, గుడ్డ తొడుగు ఉన్న పాత వాటర్ బాటిల్, కొన్ని ఇత్తడి బటన్లు, ఒక మెస్ ప్లేటు, నాలుగు పతకాలు. ప్రతి వీడియో కింద ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "అన్నా, ఆ హెల్మెట్ ఒరిజినలేనా?" "ఆ బాటిల్ ఎక్కడ కొన్నవ్?" "మీ ఇంట్ల ఎవరన్నా మిలిటరీల ఉన్నరా?"

మూడో ప్రశ్నకి ముందు జవాబు చెప్తా. లేరు. మాది నాగర్‌కర్నూల్. మా తాతలది వ్యవసాయం, నాన్నది చిన్న ఉద్యోగం. నేను బీటెక్ చేసి, గచ్చిబౌలిలో నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇట్ల మీ ముందు కెమెరా పెట్టుకుని కూర్చున్నా. యుద్ధంతో నాకున్న చుట్టరికమంతా సినిమాతోనే.

మొదలైంది 'బోర్డర్'తో. 1997 సినిమా, నాకంటే ఒక ఏడాది పెద్దది. ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా టీవీలో అదే. హిందీ సగం అర్థమయ్యేది కాదు, అయినా చివరిదాకా కదిలేవాణ్ణి కాదు. తర్వాత ఇంటర్‌లో ఉన్నప్పుడు లోంగేవాలా గురించి చదివా. 1971 డిసెంబర్ 4 రాత్రి, రాజస్థాన్ ఎడారిలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి, ఆయనతో 23వ పంజాబ్ బెటాలియన్ వాళ్లు దాదాపు 120 మంది. ఎదురుగా ట్యాంకులు. తెల్లారేదాకా పట్టుకుని కూర్చున్నారు. పొద్దు పొడవగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి ట్యాంకుల పని పట్టాయి. సినిమాలో మనవాళ్లు వరసగా చనిపోతుంటారు కదా, మనం ఏడుస్తుంటాం కదా, నిజంగా ఆ రాత్రి చనిపోయింది ఇద్దరు. చాంద్‌పురి గారు బతికి వచ్చారు, మహావీర్ చక్ర తీసుకున్నారు. ఇది తెలిసినాక నాకు సినిమా మీద కోపమేం రాలేదు. ఇంకా ఇష్టం పెరిగింది. సినిమా ఒకటి, దాని వెనక అసలు సంగతి ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం అక్కడే అలవాటైంది.

హాస్టల్‌లో మా సీనియర్ దగ్గర ఒక హార్డ్ డిస్క్ ఉండేది. దాంట్లో 'ఓల్డ్ వార్' అని ఫోల్డర్. 'ద గన్స్ ఆఫ్ నావరోన్', 'వేర్ ఈగల్స్ డేర్', 'ద లాంగెస్ట్ డే', 'ప్యాటన్', 'దాస్ బూట్'. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి 'ద గ్రేట్ ఎస్కేప్' చూసినోణ్ణి నేను. దాదాపు మూడు గంటల సినిమా. 1963లో వచ్చింది. స్టీవ్ మెక్వీన్ బైక్ మీద ముళ్లకంచె దూకే సీన్ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ దూకుడు దూకింది మెక్వీన్ కాదు, బడ్ ఎకిన్స్ అనే ఆయన ఫ్రెండు. అసలు ఎస్కేప్‌లో బైకే లేదు. 1944 మార్చిలో జర్మన్ల జైలు క్యాంపు నుంచి సొరంగం తవ్వి 76 మంది బయటపడ్డారు. ముగ్గురే చివరిదాకా తప్పించుకున్నారు. దొరికినవాళ్లలో 50 మందిని కాల్చి చంపారు. ఆ సినిమా అంత సరదాగా నడిచి, చివర్లో ఆ యాభై మందికి అంకితం అని పడుతుంది చూడండి, అక్కడ నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా, నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన సినిమా. రెండూ ఒకటే. 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్'. 1957. డేవిడ్ లీన్ డైరెక్షన్, ఏడు ఆస్కార్లు. థాయ్‌లాండ్ కథని శ్రీలంకలో తీశారు. జపాన్ వాళ్లకి ఖైదీలుగా దొరికిన బ్రిటిష్ సైనికులు, వాళ్ల చేత కట్టించే రైలు వంతెన, మన వంతెన మనమే బ్రహ్మాండంగా కట్టాలి అని పిచ్చి పట్టిన కల్నల్. ఆ ఈల పాట మీకు తెలియకుండానే మీకు తెలుసు. పది సార్లు చూసి ఉంటా.

ఆ రైలు మార్గం నిజంగా కట్టిందే. థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్లు, 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబర్‌కి కలిపేశారు. పట్టుకొచ్చిన సైనికులు 60 వేల మందికి పైగా పనిచేస్తే 12 వేల మందికి పైగా చనిపోయారు. సినిమా చూపించింది వాళ్లనే. కానీ వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది మామూలు కూలీలు అక్కడ పనిచేశారు. బర్మా వాళ్లు, జావా వాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వాళ్లతో పాటు తెలుగువాళ్లు. మలేరియా, కలరా, తిండి లేకపోవడం. చనిపోయిన కూలీల సంఖ్య 90 వేల దాకా అని అంచనా. అంచనా ఎందుకంటే, సైనికుడికి నంబర్ ఉంటది, రికార్డు ఉంటది, సమాధి మీద పేరు ఉంటది. తోట కూలీకి అవేం లేవు. అంత గొప్ప సినిమాలో వాళ్లు ఒక్క ఫ్రేమ్‌లో కూడా లేరు. నేను ఆ సినిమాని ఇప్పటికీ ప్రేమిస్తా. కానీ చూస్తున్నప్పుడల్లా ఫ్రేమ్ బయట ఎవరున్నారో అని చూపు పోతది. 'ఓల్డ్ వార్' ఫోల్డర్ నుంచి ఈ షెల్ఫ్ దాకా నేను వచ్చిన దారి అదే.

మన తెలుగులో వార్ సినిమాలు లేవా అంటే, తక్కువే గానీ ఉన్నాయి. 1964లో 'బొబ్బిలి యుద్ధం'. ఎన్టీఆర్, భానుమతి, తాండ్ర పాపారాయుడిగా ఎస్వీ రంగారావు. మా నాన్న తరం వాళ్లకి అదే 'బోర్డర్'. మన తరానికి 2015లో 'కంచె', 2017లో 'ఘాజీ'. 'ఘాజీ'లో సబ్‌మెరైన్‌కీ సబ్‌మెరైన్‌కీ ఫైట్ పెట్టారు. మన నేవీ లెక్క ప్రకారం 1971 డిసెంబర్‌లో విశాఖ దగ్గర పీఎన్ఎస్ ఘాజీని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. పాకిస్తాన్ వాళ్లేమో లోపలే ఏదో పేలి మునిగిందంటారు. సినిమా చూసొచ్చిన వారానికే వైజాగ్ బస్సెక్కా, ఆర్కే బీచ్‌లో ఒడ్డున పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా చూడటానికి. నిజం సబ్‌మెరైన్, 2002 నుంచి మ్యూజియం. తొంభై మీటర్ల పొడుగు గొట్టం, దాంట్లో 75 మంది దాకా ఉండేవాళ్లు. ఒక మనిషి వస్తే ఇంకో మనిషి గోడకి అతుక్కుని దారి ఇవ్వాలి. పడుకునే బల్ల మీద చెయ్యి పెట్టి చూశా. రెండు గంటల సినిమా చెప్పలేనిది ఆ బల్ల వెడల్పు చెప్పింది. వస్తువుకి ఉన్న పవర్ అది.

"ఇదంతా ఎక్కడో ఉన్నది, మన దిక్కు ఏముందన్నా" అంటారా? చెప్తా.

మీలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మాసబ్ ట్యాంక్ పక్కన 'ఏసీ గార్డ్స్' పేరు చూసే ఉంటారు. ఏసీ అంటే కూలింగ్ ఏసీ కాదు బాబూ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. గుర్రాల మీద ఉండే ఆఫ్రికా సైనికులు, సిద్దీలు. వాళ్ల మూలం ఎక్కడో తెలుసా? వనపర్తి. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు దగ్గర సిద్దీల దళం ఉండేది. 19వ శతాబ్దంలో అది నిజాం కొలువులోకి పోయింది. ఆ వంశాల వాళ్లు ఇప్పటికీ ఆ ఏరియాలో ఉన్నారు. పెళ్లిళ్లలో మనం ఎగిరే మర్ఫా బ్యాండు వాళ్లు తెచ్చిన సంగీతమే. వనపర్తి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తుంది. అక్కడ డిప్లొమా చేసిన నా ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్తే, "మూడేండ్లు ఆడ్నే సదివిన, ఒక్కడు చెప్పలే" అన్నాడు.

ఇంకొకటి. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌక్ ఉంది కదా, ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలు. ఆ ముగ్గురు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ గుర్రపు దళాలకి గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మూడూ ఒకే బ్రిగేడ్‌లో సూయజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో పనిచేశాయి. 1918 సెప్టెంబర్ 23న హైఫా ఊరిని ఆ బ్రిగేడే పట్టుకుంది. ముందుండి దూకింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. అది ఒప్పుకోవాలి, మనోళ్లే మొత్తం చేసిన్రు అని బిల్డప్ ఇవ్వను.

నాకు మరీ నచ్చేది విమానం కథ. అదే యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి కావాల్సిన డీహెచ్-9ఏ బాంబర్లు కొనడానికి డబ్బు ఇచ్చింది నిజాం. అందుకే దాని పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. ఒక్కో విమానం మీద ఆ సంగతి రాసి ఉండేది. వాటిలో ఒకటి 1918 అక్టోబర్‌లో జర్మన్లకి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది పోలండ్‌లో తేలింది. 1977లో ఇంగ్లండ్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. నిజాం ఇచ్చిన డబ్బు ఎక్కడిది? ఊళ్ల మీద వసూలైన శిస్తు. జొన్నలు పండించిన రైతు డబ్బుతో కొన్న విమానానికి లండన్‌లో తుడిచి, లైట్ వేసి, టికెట్ లేకుండా చూపిస్తున్నారు. మన గద్వాల కోట గోడల్లో మాత్రం చెట్లు మొలుస్తున్నాయి. కోటలోనే డిగ్రీ కాలేజీ ఉంది, చెన్నకేశవస్వామి గుడి ఉంది. సోమనాద్రి కథ నడిగడ్డ పల్లెల్లో ముసలోళ్లు ఇప్పటికీ చెప్తారు. అది వేరే ఎపిసోడ్, దాని కోసం గద్వాలకి ఇంకోసారి పోవాలి.

చిన్న సైడ్ నోట్: ఉత్తరాదిలో ఒకప్పుడు కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవాళ్లు. తెలంగ దేశం నుంచి వచ్చినోడు అని. 1750లలో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకుపోయిన సిపాయిల్లో మనవాళ్లు ఉండటంతో ఆ పేరు పడింది. 1857 నాటికి ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ సిపాయిలని కూడా జనం తిలంగాలనే పిలిచారు. అంటే సోల్జర్ అన్న పదానికే మన పేరు పెట్టారు. ఎంతమందికి తెలుసు చెప్పండి.

సరే, షెల్ఫ్ దగ్గరికి వద్దాం. నా కలెక్షన్ పెద్దదేం కాదు. హెల్మెట్ సికింద్రాబాద్‌లో ఒక డిస్పోజల్ షాపులో కొన్నా. బటన్లు జుమ్మేరాత్ బజార్‌లో, పాత తాళాల కుప్ప కింద దొరికాయి. రూల్స్ కూడా చెప్పేస్తా, ఎందుకంటే మీలో కొందరు ఉత్సాహంగా ఉన్నారు. లైవ్ బుల్లెట్ ముట్టొద్దు, లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం కింద కేసే. కోటలో కనపడ్డ రాతి గుండు, ఇనుప ముక్క ఏదైనా అక్కడే ఉండనీయండి, ఇంటికి తేవద్దు. మిలిటరీ డ్రెస్ వేసుకుని నేను సోల్జర్‌ని అని నమ్మించాలని చూస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఉంది. రీల్ కోసం వేసుకునే తమ్ముళ్లు కొంచెం చూసుకోండి.

పతకాల సంగతి వేరు. సినిమాల్లో పతకం అంటే పరమవీర చక్ర, మహావీర చక్ర. అసలు మన ఊళ్లలో అటకల మీద ఉండేవి అవి కావు. 1965 యుద్ధకాలానికి రక్షా మెడల్, 1971కి సంగ్రామ్ మెడల్. ఇవి ఫ్రంట్‌లో కాల్పులు జరిపినవాళ్లకే కాదు, ఆ సమయంలో సర్వీసులో ఉన్నవాళ్లకి చాలామందికి వచ్చాయి. వంట చేసినోడికి, లారీ నడిపినోడికి, రోడ్డు వేసినోడికి. అందుకే మార్కెట్లో వాటికి విలువ లేదు, కొన్ని వందలకే దొరుకుతాయి. కానీ ఆ గుండ్రటి పతకాన్ని పడుకోబెట్టి, అంచు చూడండి. రూపాయి బిళ్లకి గీతలు ఉండే చోట. అక్కడ సన్నని అక్షరాల్లో సైనికుడి నంబర్, ర్యాంక్, పేరు, ఏ దళమో చెక్కి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకి ఇచ్చిన స్టార్ పతకాల మీద పేర్లు వేయలేదు, ఖర్చని. మన దేశంలో ఇచ్చినవాటి మీద వేశారు. పతకాలు సేకరించే లోకంలో మనవాళ్లు గర్వపడాల్సిన విషయాల్లో ఇది ఒకటి అని నా ఫీలింగ్.

మొదటి ప్రపంచ యుద్ధం వెండి పతకాలైతే, 1979–80లో వెండి రేటు ఆకాశానికి ఎక్కినప్పుడు దేశదేశాల్లో బోలెడన్ని కరిగించేశారు. కరిగినవాటితో పాటు అంచు మీది పేర్లు కూడా పోయాయి.

ఇప్పుడు అసలు కథ. ఈ ఎపిసోడ్ దీని కోసమే.

కొన్ని నెలల కింద గద్వాల నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మొబైల్ షాపులో పని చేస్తాడు, మన వీడియోలన్నీ చూస్తాడు. దుప్పటి మీద పెట్టిన రెండు పతకాల ఫోటో. రిబ్బన్లు లేవు, నల్లబడి ఉన్నాయి. "అన్నా, మా తాతవి. రెండు కలిపి ఎంత ఇస్తవ్? ఫోన్ ఈఎంఐ కట్టాల్నన్నా." నిజం చెప్తున్నా, నాకు ఆశ పుట్టింది. రక్షా, సంగ్రామ్ రెండూ ఒకే మనిషివి, జంట విడిపోకుండా, అదీ మన నడిగడ్డ మనిషివి. నా షెల్ఫ్‌లో ఉన్న నాలుగూ ఎవరెవరివో ఉత్తరాది పేర్లు. "అమ్మకు, నేను వస్తున్నా" అని చెప్పి ఆదివారం బండి తీశా. వనపర్తి, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా. అక్కడ తమ్ముణ్ణి ఎక్కించుకుని అలంపూర్ దిక్కు, తుంగభద్ర ఒడ్డు పల్లె.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. డెబ్బై ఐదు దాటి ఉంటుంది. మనవడు పతకాల బేరం సంగతి ఆమెకి చెప్పనే లేదని నాకు అక్కడికి పోయినాక అర్థమైంది. నేను కెమెరా తీయలేదు, అందుకే మీకు ఇప్పుడు క్లిప్ లేదు. ఆమె డాల్డా డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. రెండు పతకాలు, ఒక బటన్, ఒక గాజు పలక. ఆ గాజుకి ఫోటో కాగితం అతుక్కుని ఉంది, మొహం మాత్రం లేదు.

"2009ల నీళ్లొచ్చినయి గద నాయినా, అప్పుడు పోయింది. పెట్టె మొత్తం బురదనే. కాగితాలు, బుక్కు, అన్నీ పోయినయి. ఇవి ఇనుపయి గదా, ఉన్నయి."

ఆ ఏడాది అక్టోబర్ మొదట్లో కృష్ణా, తుంగభద్ర రెండూ పొంగి కర్నూలు, అలంపూర్ మునిగాయి, గుర్తుండే ఉంటది. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా.

"తాత యుద్ధంల ఏం చేస్తుండె అవ్వా?"

"యుద్ధం చేయలే నాయినా. తుపాకీ ఉండెనంట గానీ, ఆయన పని వంతెనలు కట్టుడంట. నీళ్ల మీద పడవలు కట్టి వాటి మీద లారీలు పోనిస్తుండ్రంట. నేను నమ్మకపోతుంటి."

నా చేతిలో పతకం ఉంది. ఫోన్ టార్చ్ వేసి అంచు పక్కకి పట్టా. నంబర్. తర్వాత మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఎస్ పీ ఆర్. శాపర్. అంటే ఇంజనీర్ల దళంలో సిపాయి. ఆ తర్వాత పేరు, స్పెల్లింగ్ మనం రాసేటట్టు కాదు, ఎవరో తెలుగు రాని గుమస్తా విన్నట్టు రాసింది. చదివి వినిపించా. "ఇంటి పేరు గూడ ఉన్నదా?" అని అడిగింది. ఉంది, ఒక్క అక్షరంగా. ఇన్నేళ్లు ఆ డబ్బా ఇంట్లోనే ఉంది, దాని మీద ఆయన పేరు ఉన్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పతకం తీసుకుని, చదవడం రాకపోయినా, అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది.

అప్పుడే నాకు ఇంకో ప్రశ్న తట్టింది. "అవ్వా, మిలిటరీ పెన్షన్ వస్తదా?" రాదట. వాళ్ల నాన్న చనిపోతే పొలం చూసుకోవడానికి ఆయన తొమ్మిదేళ్లకే వచ్చేశాడు. సిపాయికి సర్వీస్ పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్లు కావాలి. సరే. కానీ పెన్షన్ లేని మాజీ సైనికులకి, వాళ్ల భార్యలకి కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ అని ఒకటి ఇస్తుంది. 65 ఏళ్లు దాటి ఉండాలి, హవల్దార్ వరకు ర్యాంక్ వాళ్లకి. ఇంకా షరతులు ఉన్నాయి, వస్తుందో రాదో నేను చెప్పలేను, ఆఫీసు చెప్పాలి. కానీ అడగాలంటే మొదట ఈయన సైన్యంలో పనిచేశాడని చూపించాలి. దానికి డిశ్చార్జ్ బుక్ కావాలి. అది తుంగభద్రలో పోయింది. ఇంకో కాపీ కోసం రికార్డ్ ఆఫీసుకి రాయాలంటే సర్వీస్ నంబర్ కావాలి. ఆ నంబర్ ఈ భూమ్మీద ఆ కుటుంబం దగ్గర ఒకే ఒక్క చోట ఉంది. ఆ డాల్డా డబ్బాలో. ఇంకో వారమైతే అది నా షెల్ఫ్‌లోనో, లేకపోతే నాకంటే ముందు మెసేజ్ చూసిన ఏ డీలర్ దగ్గరో ఉండేది. డీలర్లు జంటలు విడగొట్టి ఒకటి ఢిల్లీకి, ఒకటి ఇంకెక్కడికో అమ్ముతారు.

తమ్ముడు బయటికి తీసుకొచ్చి, "అన్నా, నువ్వు కొంటవనుకున్న" అన్నాడు. మొహం మాడ్చుకున్నాడు. వాడి తప్పేం లేదు. వాడి జీతం నాకు తెలుసు, ఈఎంఐ నిజమే. "అరే, ఇవి అమ్మితే నీకు రెండు నెలల రీచార్జ్ వస్తది, అంతే" అని మార్కెట్ రేటు చూపించా. అప్పుడు కొంచెం చల్లబడ్డాడు, కానీ సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. అంచు చుట్టూ పన్నెండు ఫోటోలు తీసి, డబ్బా అవ్వ చేతికే ఇచ్చి వచ్చా.

తర్వాత ఏం చేశామో వివరంగా చెప్తా, మీలో కొందరికి పనికొస్తది. శాపర్ అంటే మూడు గ్రూపులు ఉన్నాయి. మద్రాస్, బెంగాల్, బాంబే. మన దక్షిణాది వాళ్లు ఎక్కువగా మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, దాని సెంటర్, రికార్డ్స్ బెంగళూరులో. ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఈఎంఈ అయితే మన సికింద్రాబాదే. అవ్వ పేరు మీద దరఖాస్తు రాశాం. అంచు మీద ఉన్న స్పెల్లింగ్ అక్షరం మార్చకుండా రాశాం. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్ వేరు, రెండూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ పెట్టాం. ఆయన మరణ ధ్రువపత్రం పెట్టాం. సైనిక్ సంక్షేమ ఆఫీసులో తమ్ముడే పోయి ఏ కాగితాలు కావాలో రాయించుకొచ్చాడు, షాపుకి హాఫ్ డే పెట్టి. దరఖాస్తు పోయిన నెల పోస్టులో వెళ్లింది.

మీ ఇంట్లో ఇట్లాంటి డబ్బా ఉంటే: పతకాన్ని చింతపండు పెట్టి తోమకండి, బ్రాసో పెట్టి అసలే రుద్దకండి. మీకు మెరుపు వస్తది, అక్షరం అరిగిపోతది. మెత్తటి పొడిగుడ్డ చాలు. కిటికీ దగ్గర పెట్టి, లైట్ ఒక పక్క నుంచే పడేటట్టు చూసి, కొంచెం కొంచెం తిప్పుతూ ఫోటోలు తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏం కనపడదు. అంచు ఖాళీగా ఉంటే వెంటనే నకిలీ అనుకోవద్దు, పోయినదానికి బదులు కొనుక్కున్నది కూడా కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా వెతకొచ్చు. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. మన ఊరి పేర్లు ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు, నాలుగైదు స్పెల్లింగులు ట్రై చేయండి. గద్వాల ఒక్కదానికే మూడు రకాలు చూశా నేను.

కామెంట్లలో అడిగే ముందే చెప్తున్నా, అవ్వ ఊరు చెప్పను, ఫోటోలు పెట్టను. మీరు కూడా సర్వీస్ నంబర్ కనపడే ఫోటో కింద కామెంట్లో పెట్టకండి, దాంతో మోసాలు చేసేవాళ్లు ఉంటారు. నంబర్ మీద వేలు పెట్టి, దళం పేరు ఉన్న భాగం మాత్రం పంపండి. ఏ రికార్డ్ ఆఫీసుకి రాయాలో నేను వెతికి చెప్తా. ఇప్పటికే వనపర్తి నుంచి ఇద్దరు, కొల్లాపూర్ నుంచి ఒకరు పంపారు. కొల్లాపూర్ వాళ్లది బర్మా స్టార్, దాని వెనక పేరు చదవడానికి ఇంకా కుస్తీ పడుతున్నా.

తమ్ముడు పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. అవ్వ ఆ డబ్బాని అటక మీద నుంచి దించి, బియ్యం డబ్బా పక్కన పెట్టుకుందట. వాడు 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' ఆమెకి ఫోన్లో చూపించాడట. అరగంట చూసి, "వాళ్లు వెదురు మీద కడుతున్నరు, మీ తాత చెప్పింది పడవల మీద" అని చెప్పి పడుకుందట. బెంగళూరు నుంచి ఉత్తరం వచ్చినప్పుడు మళ్ళీ చెప్తా. ఉంటా మరి.